ఇక్ష్వాకుల కాలం నాటి సొరకాయ: రాజు పేరు ముందా, కాయ పేరు ముందా?

పల్నాటి పిల్లోడు:
ఒక సందేహం. ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, వెక్కిరించకండి.

మొన్న ఆదివారం మావాణ్ణి తీసుకుని విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండ వెళ్ళాను. మ్యూజియంలో ఒక శాసనం దగ్గర ఎవరో పెద్దాయన వాళ్ళవాళ్ళకి చెబుతున్నాడు, ఇక్కడ రాసి ఉన్న 'ఇఖాకు' అంటే ఇక్ష్వాకు, ప్రాకృతంలో అలా రాసేవాళ్ళు అని. మావాడు ఆరో క్లాసు. "ఇక్ష్వాకు అంటే ఏంటి నాన్నా" అన్నాడు. "పాతకాలం అని" అన్నా. ఇక్ష్వాకుల కాలం నాటి స్కూటర్ అంటాం కదా, నాకు తెలిసింది అంతే. వాడు నమ్మలేదు.

ఇంటికొచ్చాక మా తాతయ్య అమరకోశం తీసి వెతికితే వనౌషధి వర్గంలో ఈ లైను కనపడింది: "ఇక్ష్వాకుః కటుతుంబీ స్యాత్". కటుతుంబి అంటే చేదు సొరకాయ! కంచె మీద దానంతటదే మొలిచి పాకుతుంది, ఎవరూ కొయ్యరు, అదన్నమాట. సూర్యవంశ మూలపురుషుడి పేరూ, ఆ కాయ పేరూ ఒకటే మాట. రాజుకి ఇది మారుపేరుగా వచ్చిందా, లేక కాయకే రాజు పేరు పెట్టారా? ఎవరైనా చెప్తే మావాడికి చెప్తాను.

కొత్తిమీర కట్ట:
ఇక్షు + ఆకు = ఇక్ష్వాకు. యణాదేశ సంధి. చెరకు ఆకు. సమస్య తీరింది, పదండి భోజనాలకి.

విసర్గ:
హాస్యానికి హద్దుండాలి. సంస్కృత పదానికి తెలుగు ఆకు తగిలించి సంధి చేయడం ఏమిటి?

అడిగినాయనకు సమాధానం. భాగవతం నవమ స్కంధంలో స్పష్టంగా ఉంది: "క్షువతస్తు మనోర్జజ్ఞే ఇక్ష్వాకుర్ఘ్రాణతః సుతః". మనువు తుమ్మినప్పుడు ఆయన ముక్కులోంచి పుట్టిన కొడుకు ఇక్ష్వాకువు. విష్ణుపురాణమూ ఇదే మాట చెబుతుంది. క్షు అంటే తుమ్ము. పేరుకు మూలం అది. ఋగ్వేదం పదో మండలంలో, 60వ సూక్తంలో కూడా ఈ పేరు ఒక సంపన్నుడైన రాజుకే ఉంది గాని కూరగాయకు కాదు.

ఇక కటుతుంబి సంగతి. అది నానార్థం. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, కప్ప. అంతమాత్రాన విష్ణువు కప్ప అని ఎవరైనా అంటారా? పైగా మొక్క అనే అర్థంలో ఇక్ష్వాకు స్త్రీలింగం, రాజు పేరు పుంలింగం. రెండూ వేరువేరు మాటలు, అక్షరాలు కలిశాయి అంతే. పిల్లవాడికి తుమ్ము కథ చెప్పండి, సరిపోతుంది.

అడవి గోరింట:
సరిపోదు మేష్టారూ.

నేను వైద్యురాలిని కాను గాని మా నాన్న మూలికల కొట్టు నడిపాడు, ఆ వాసనలోనే పెరిగాను. చరక సంహిత కల్పస్థానంలో పన్నెండు అధ్యాయాలుంటే మూడోదాని పేరే ఇక్ష్వాకు కల్పం. రాముడి గురించి కాదు, చేదు సొరకాయతో వాంతి చేయించడం ఎలాగో చెప్పడానికి ఒక అధ్యాయం అంతా ఇచ్చారు, అందులో 45 యోగాలు, అంటే మందు తయారీలు. అంటే ఎవరో నిఘంటువు రాసేవాడు తోచక పెట్టిన పర్యాయపదం కాదిది. వైద్యుల నోట మామూలుగా నలిగిన పేరు.

ఇప్పుడు రాజుల వైపు రండి. ఇక్ష్వాకు వంశంలో సగరుడు. ఆయన భార్య సుమతి ఏం కన్నది? బాలకాండ 38వ సర్గ తీసి చూడండి, "గర్భతుంబం". సొరకాయ! అది పగిలి అరవై వేలమంది కొడుకులు. భారతంలో ఇంకా వివరంగా ఉంది, సగరుడు ఆ కాయని పారెయ్యబోతే ఆకాశవాణి ఆపింది, గింజలు తీసి ఒక్కో గింజా ఒక్కో నేతి కుండలో పెట్టించింది. అరణ్యపర్వంలో వాడిన మాటే అలాబు, అంటే ఆనపకాయ. ఏ వంశం పేరుకి చేదు సొర అనే అర్థం ఉందో ఆ వంశంలోనే సొరకాయలోంచి పిల్లలు పుట్టారు. ఇదీ అక్షరాలు కలవడమేనా?

ఇంకొకటి. మీరు క్షు ధాతువు అన్నారు. దాని ముందు ఆ 'ఇ' ఎక్కడిది?

బుర్రకథ:
నాగార్జునకొండ పక్కన అనుపు ఉంది కదా, కట్టడాలు అక్కడికి తరలించారు. అనుపు = ఆనప. నేనూ పరిశోధకుణ్ణే.

విసర్గ:
అనుపు గారి పరిశోధన గురించి నేను మాట్లాడను.

గర్భతుంబం అంటే సొరకాయ ఆకారంలో ఉన్న పిండం అని వ్యాఖ్యానం. ఆకారానికి పోలిక అది. గాంధారి మాంసపు ముద్దని కన్నది, దాన్నీ నేతి కుండల్లోనే పెట్టారు, కౌరవులకు మాంసవంశం అని పేరొచ్చిందా? కథల్లో ఇలాంటి జననాలు మామూలు. చరకుడి కాలానికి ఆ మొక్కకు ఆ పేరుంటే ఉండవచ్చు, వేదకాలపు రాజుకి దానితో ఏం సంబంధం? నేను మళ్ళీ చెబుతున్నాను, లింగభేదం చూడండి. స్త్రీలింగం. దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

అడవి గోరింట:
మీరూ 'ఇ' సంగతి చెప్పలేదు.

లింగం సంగతి అంటారా, మొక్కకి పేరు పెడితే లత అని స్త్రీలింగం చేస్తారు. అదేం పెద్ద విషయం?

అసలు ఇంకో మాట చెప్తా వినండి. రాజు ముక్కులోంచి పుట్టాడన్నారు కదా. అదే ఇక్ష్వాకు కల్పంలో ఒక పద్ధతి ఉంది. చేదు సొర రసం ఎండబెట్టి, దాని పువ్వుతో కలిపి పొడి చేసి, ఆ పొడి పూలమాల మీద చల్లుతారు. మందు మింగలేని సుకుమారులు ఆ మాల వాసన చూస్తే చాలు, కక్కేస్తారు. అంటే ముక్కుతో పీల్చే కాయ! ముక్కులోంచి పుట్టిన రాజు, ముక్కుతో పీల్చే కాయ, ఇద్దరిదీ ఒకే పేరు. మా నాన్న ఎండు సొరగింజలు దంచే రోజున ఇంట్లో అందరం తుమ్ములే తుమ్ములు. మన తెలుగులోనే చూడండి, తుంబి, తుమ్ము. పురాణం రాసినాయనకి ఈ కాయ గురించి తెలిసే ఆ తుమ్ము కథ అల్లాడని నా గట్టి నమ్మకం.

విసర్గ:
తుంబి సంస్కృతం. తుమ్ము తెలుగు. ఈ రెంటికీ సంబంధం ఏమిటమ్మా? మరి తుమ్మ చెట్టు ఏం పాపం చేసింది? తుమ్మి పూలు? తుమ్మెద? అన్నిటినీ కలిపేయండి! ఇలా చెవికి ఒకేలా వినపడిన ప్రతి మాటనీ ముడి పెట్టి, కనపడ్డ చోటల్లా రాసేసి, చివరికి పిల్లలు అదే నిజమనుకుని పరీక్షల్లో రాస్తున్నారు. తుంబికి తుమ్ముకి సంబంధం ఉందని ఒక్క ప్రామాణిక నిఘంటువు చూపించండి, ఈ వేదిక వదిలి వెళ్ళిపోతాను.

కొత్తిమీర కట్ట:
పాపర బుడమ, అదే ఏటిపుచ్చ, కూడా ఇక్ష్వాకే అని ఒక సంస్కృత నిఘంటువులో ఉంది. అంటే చేదు సొరా, ఏటిపుచ్చా అని ఆ పాత పండితులే తేల్చుకోలేదు. మీరు తేల్చేస్తున్నారు, శభాష్.

అడవి గోరింట:
సంబంధం ఉందని నేను అనలేదు, తెలుగులోనే చూడండి అన్నాను.

విసర్గ:
అన్నారు. పైన ఉంది. స్క్రోల్ చేసుకోండి.

లెస్టర్ తెలుగోడు:
ఇక్కడ అర్ధరాత్రి అయింది, మీ గొడవ చదువుతూ నిద్ర పోయింది. ఒక్క మాట చెప్పి వెళ్తా.

మా ఊళ్ళో 2012లో కార్ పార్క్ కింద తవ్వితే ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయినాయన. ఆయన వంశం పేరు ప్లాంటాజెనెట్. ఇది ఎక్కడిదంటే, 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో అంజూ ప్రాంతపు ప్రభువు జెఫ్రీ టోపీలో ఒక అడవి పొద రెమ్మ పెట్టుకునేవాడట, పసుపు పూలు పూస్తుంది, లాటిన్‌లో దాని పేరు ప్లాంటా జెనిస్టా. అది ఆయనకి మారుపేరు. ఆయన కొడుకు రెండో హెన్రీ 1154లో ఇంగ్లండ్ రాజయ్యాడు. కానీ వాళ్ళెవరూ దాన్ని ఇంటిపేరుగా రాసుకోలేదు! సుమారు 300 ఏళ్ళు గడిచాక 15వ శతాబ్దంలో యార్క్ డ్యూక్ రిచర్డ్, అంటే ఈ కార్ పార్క్ రాజుగారి తండ్రి, తనది అసలైన వంశం అని చూపించుకోడానికి ఆ మారుపేరుని బయటికి తీసి పెట్టుకున్నాడు. ఆ తర్వాత చరిత్రకారులు వెనక్కి వెళ్ళి అందరికీ అంటించారు.

ఆ పొద కొమ్మలతో ఇక్కడ పూర్వం చీపుళ్ళు కట్టేవాళ్ళు. చీపురు పొద పేరు పెట్టుకుని మూడు వందల ఏళ్ళ పైన రాజ్యం ఏలిన వంశం. మొక్క పేరు వస్తే పరువు పోతుందని వీళ్ళెవరూ అనుకోలేదు మరి.

బుర్రకథ:
చీపురు వంశం 😂 ఇక నుంచి మా ఆవిడ చీపురు తీస్తే రాజదండం అనుకుంటా

చెరకు తోట:
సొరకాయ అంటారు, తుమ్ము అంటారు, పేరులో కనపడేది మాత్రం ఎవరూ చూడరు. ఇక్షు అంటే చెరకు. అనకాపల్లి దగ్గర మా ఇంట్లో మూడు తరాలుగా చెరకే వేస్తున్నాం కాబట్టి చెబుతున్నా. జైనుల కథ వినండి. ఋషభనాథుడు పసివాడిగా ఉన్నప్పుడు ఇంద్రుడు చెరకు గడ పట్టుకొచ్చాడు, పిల్లాడు చెయ్యి చాచాడు, అందుకే ఆ వంశం ఇక్ష్వాకు వంశం అయింది. ఆ ఋషభుడే పెద్దయ్యాక ఏడాది పైన ఉపవాసం ఉంటే హస్తినాపురంలో చెరకు రసం పోసి ఉపవాసం విడిపించారు, అది అక్షయతృతీయ, ఇప్పటికీ జైనులు ఆ రోజు చెరకు రసంతోనే వర్షీతపం, అంటే ఏడాది ఉపవాస వ్రతం, విడుస్తారు. బౌద్ధుల్లో కూడా చెరకులోంచి పుట్టాడనే కథ ఉంది, టిబెట్ వాళ్ళు ఇక్ష్వాకు అనే పేరుని వాళ్ళ భాషలోకి చెరకు అనే అర్థం వచ్చేలాగే మార్చుకున్నారు. ఇంత తీపి పేరుని పట్టుకుని చేదు కాయ అంటారేంటండీ.

చెరకు వంశం వాళ్ళ గతి ఏంటో కూడా చెప్తా. ఫ్యాక్టరీకి తోలిన సరుకు డబ్బులు ఒక ఏడు రెండేళ్ళు తిప్పించుకుని ఇచ్చారు. వడ్డీ అడిగితే నవ్వారు. సూర్యవంశమట.

విసర్గ:
ఇక్షు నుంచి ఇక్ష్వాకు ఏ సూత్రంతో సాధిస్తారు?

చెరకు తోట:
మాకు సూత్రాలు తెలీవు సార్, టన్ను లెక్కలు తెలుసు.

పప్పుచారు:
మీరంతా గొప్పవాళ్ళే గాని ఒక సంగతి. చేదు సొరకాయ గురించి చదివి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి. మా అమ్మ షుగర్ తగ్గుతుందని ఎవరో చెబితే రోజూ పొద్దున్నే సొరకాయ జ్యూస్ తాగేది. ఒకరోజు చేదుగా ఉందని తెలిసీ పారెయ్యడం ఎందుకని గ్లాసుడు తాగేసింది. గంటలో వాంతులు, రక్తం కూడా పడింది, రెండు రోజులు హాస్పిటల్లో ఉన్నాం. ఇలాంటివి జరిగే భారత వైద్య పరిశోధన మండలి ఒక కమిటీ వేసి, చేదుగా ఉంటే ఒక్క గుటక కూడా తాగొద్దని చెప్పింది. కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలు ఉంటాయట, వండినా పోవు. సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసుకోండి. ఇంక మీ రాజుల గొడవ మీరు చూసుకోండి.

అడవి గోరింట:
అమ్మగారు ఇప్పుడు బాగున్నారా? చరకుడు వాంతికి ఇచ్చింది ఈ గుణం చూసే. మా నాన్న ఆ కాయని కొట్లో అటక మీద విడిగా పెట్టేవాడు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పల్నాటి పిల్లోడు:
ఒక ప్రశ్న అడిగితే ఇంత దూరం వచ్చింది. నాకు తెలిసిన సంగతి నేనూ చెబుతా.

మా లోయలో ఏలిన నలుగురు రాజులున్నారు, వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. మూడో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం మొదటిదాకా, అంతా కలిపి సుమారు వందేళ్ళు. మొదటాయన అశ్వమేధం చేశాడు. ఆయన చెల్లెలు చాంతిసిరి మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, కట్టడానికి దానాలిచ్చింది. వీళ్ళు వాళ్ళమ్మ పేరు ముందు పెట్టుకునేవాళ్ళు, మేనత్త కూతుళ్ళని చేసుకున్నారు. మేనత్త కూతురంటే ఇక చెప్పక్కర్లేదు, మనవాళ్ళే! అక్కడి ఒక శాసనంలో బుద్ధుణ్ణి కూడా ఇఖాకు రాజుల వంశంలో పుట్టినవాడని పొగిడారు. అంటే రాజుదీ బుద్ధుడిదీ ఒకటే వంశం అని చెప్పుకోడం. 1926లో ఈ చోటు బయటపడింది, 1955లో డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది, 1960 దాకా తవ్వినంత తవ్వి మిగిలింది నీళ్ళకి వదిలేశారు. మా నాయనమ్మ పుట్టిల్లు ఆ నీళ్ళ కిందే ఉంది. రాళ్ళకి మ్యూజియం కట్టారు, ఆవిడ వాళ్ళకి ఇచ్చిన భూమిలో రాళ్ళే ఉన్నాయి.

నేను అడిగేది, ఈ ఇఖాకులు రాముడి వంశమా, లేక ఇక్కడివాళ్ళే, సొరకాయని కులచిహ్నంగా పెట్టుకున్నవాళ్ళా? మాకు ఇప్పటికీ నల్లమలలో చెంచుల దగ్గర సొరబుర్రలు కనపడతాయి.

విసర్గ:
అదీ సంగతి. ఇప్పుడు బయటపడింది.

నాయనా, మీ లోయ రాజులు ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. శాతవాహనులు పోయాక వాళ్ళ కింద ఉన్న సామంతులు పైకొచ్చి, పెద్ద వంశం పేరు తగిలించుకున్నారు. పురాణాలు వాళ్ళని శ్రీపర్వతీయులు, ఆంధ్రభృత్యులు అన్నాయి గాని ఇక్ష్వాకులు అనలేదు. అసలు ఇక్ష్వాకులు అయోధ్య వాళ్ళు. చెట్టునీ పుట్టనీ కాయనీ కులచిహ్నంగా పెట్టుకోవడం అడవి జాతుల పద్ధతి, సూర్యవంశానికి ఆ ఖర్మ పట్టలేదు. సొరకాయ పేరు పెట్టుకునేంత నీచస్థితి ఏ చక్రవర్తికీ

క్షమించాలి, సగంలో పోస్ట్ అయిపోయింది. విషయం అర్థమైంది కదా.

లెస్టర్ తెలుగోడు:
నీచస్థితి అన్నారా?

బుర్రకథ:
అయిపోయింది. ఇక కథ మొదలు.

అడవి గోరింట:
బాగా అర్థమైంది మేష్టారూ. మూడు రోజులుగా స్త్రీలింగం, పుంలింగం, నానార్థం, సూత్రం అని తిప్పారు. అసలు మాట ఇదన్నమాట. కాయ పేరు నీచం.

మా ఇంటిపేరు సొరకాయల. పెళ్ళయినా మార్చుకోలేదు.

ఏడో క్లాసులో మా తెలుగు మేష్టారు హాజరు పిలిచేటప్పుడు రోజూ నా పేరు దగ్గర ఆగి "ఏమ్మా, ఇవాళ ఎన్ని కోశావ్" అనేవాడు. సొరకాయలు కొయ్యడమంటే కోతలు కొయ్యడం కదా, క్లాసంతా నవ్వేది. ఒకసారి నాకు లెక్కల్లో క్లాసు ఫస్ట్ వస్తే ఆయనే "నిజంగా వచ్చాయా, కోస్తున్నావా" అన్నాడు. అదేదో పెద్ద జోకు అనుకున్నాడు. నేను ఆ సంవత్సరం అంతా చెయ్యెత్తి ఒక్క జవాబు చెప్పలేదు, తెలిసినా చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో ఒకాయన కూడా అన్నాడు. ఆఫీసులో ఇప్పటికీ అంటారు, నవ్వుతాను.

గుమ్మడి వాళ్ళున్నారు, చింతల వాళ్ళు, తుమ్మల వాళ్ళు, కాకర్ల వాళ్ళు, మన తెలుగువాళ్ళలో సగం మంది ఇంటిపేర్లు చెట్లూ కాయలే. అందరిదీ నీచమేనా? నాన్న పోయాక కొట్లో పుస్తకాలు సర్దుతుంటే ఆ ఇక్ష్వాకు కల్పం కనపడింది. సొరకాయకి రామచంద్రుడి వంశం పేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఏడో క్లాసు మేష్టారు బతికుంటే వెళ్ళి చూపిద్దామనిపించింది. అందుకే వాదించాను. తుమ్ము, తుంబి సంగతి అంటారా, అది కొంచెం సాగదీశాను, ఒప్పుకుంటా. సొరకాయల వాళ్ళం కదా, కోస్తాం.

కొత్తిమీర కట్ట:
అక్కా, దండం. నేను మొదట వేసిన జోకు వెనక్కి తీసుకుంటున్నా.

చెరకు తోట:
అమ్మా, మీ కాయే ముందు. నా చెరకు తర్వాతే రానివ్వండి.

పల్నాటి పిల్లోడు:
విసర్గ గారూ, మా రాజులు పేరు అరువు తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి. పైన లెస్టర్ ఆయన చెప్పలేదా, యార్క్ డ్యూకు కూడా 300 ఏళ్ళ తర్వాత బయటికి తీసి పెట్టుకున్నాడని. ఆయన పెట్టుకుంటే చరిత్ర, మావాళ్ళు పెట్టుకుంటే సామంతుల డాబా?

విసర్గ:
రెండు రోజులు ఇటు రాలేదు. రాకూడదనే అనుకున్నాను.

నీచస్థితి అనే మాట తప్పు. తీసేయమని నిర్వాహకులకు రాశాను. అమ్మా, మీ మేష్టారు చేసింది కూడా తప్పే. హాజరు పట్టీ చేతిలో ఉన్నవాడికి ఆ మాత్రం తెలియాలి. నేనూ 31 ఏళ్ళు ఆ పట్టీ పట్టుకున్నాను, ఎవరినైనా అలా అన్నానేమో అని ఈ రెండు రోజులూ ఆలోచించాను. అన్నాను. ఒకబ్బాయి ఇంటిపేరు పిల్లి.

కానీ నా బాధ కూడా వినండి. నేను సంస్కృతం చెప్పిన కాలేజీలో నా తర్వాత ఆ పోస్టు తీసేశారు. ఇంటర్‌లో పిల్లలు సంస్కృతం ఎందుకు తీసుకుంటారో మీకందరికీ తెలుసు, మార్కుల కోసం. జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లీషులోనో రాసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంటారు, 'రామః' అని దేవనాగరిలో రాయమంటే రాయలేరు. అలాంటి చోట ఎవరైనా చెవికి తోచినట్టు వ్యుత్పత్తి చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. అది మీ మీద కోపం కాదు. కొంత మీ మీద కూడా.

ఆ 'ఇ' సంగతి. క్షు ధాతువుతో అది సాధ్యం కాదు. తుమ్ము కథ పురాణకర్త కల్పించిన నిర్వచనమే అనుకోవాలి. ఇది ముప్పై ఏళ్ళుగా నాకు తెలుసు, మొదటి రోజే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

ఇంకొకటి చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. అథర్వవేదం 19వ కాండ, 39వ సూక్తం ఒక మూలిక మీద స్తుతి. కుష్ఠం, మన చెంగల్వ కోష్టు. అందులో ఋషి ఆ మొక్కతో అంటాడు, నిన్ను పూర్వం ఇక్ష్వాకువు ఎరుగును అని. అంటే ఇక్ష్వాకువు మూలికలు తెలిసినవాడిగా వేదంలోనే పేరు పడ్డాడు. కనుక మందు మొక్కల్లో ఒకదానికి ఆయన పేరు పెట్టి ఉండవచ్చు. కనుక రాజు పేరే ముందు, కాయ పేరు తర్వాత. నా పక్షం ఇదే.

అడవి గోరింట:
మేష్టారూ, ఆ పిల్లి అబ్బాయి ఎక్కడున్నాడో కనుక్కోండి ముందు.

అథర్వవేదం సంగతి నాకు తెలీదు, చాలా బాగుంది, నోట్ చేసుకున్నా. కానీ అందులో ఉన్నది కోష్టు, సొరకాయ కాదు. ఇక్ష్వాకుకి కోష్టు తెలుసు కాబట్టి సొరకాయకి ఆయన పేరు పెట్టారనడం, నా తుమ్ము కంటే ఎక్కువే సాగింది. సూత్రం చూపించండి.

విసర్గ:
చూపిస్తాను. సమయం కావాలి.

లెస్టర్ తెలుగోడు:
😄

పల్నాటి పిల్లోడు:
మావాడికి మొత్తం చదివి వినిపించా. తుమ్ము కథకి నవ్వాడు, నేతి కుండల దగ్గర నోరు తెరిచాడు. చివరికి వాడి ప్రాజెక్టు నోట్సులో 'ఇక్ష్వాకు: 1. రాజు 2. చేదు సొరకాయ 3. చెరకు (అనకాపల్లి వాళ్ళు)' అని రాసుకున్నాడు. టీచర్ మూడోది కొట్టేసిందట.

చెరకు తోట:
ఎప్పుడూ మాదే కొట్టేస్తారు.

బుర్రకథ:
గమనించారా, ఇన్ని రోజులైనా అనుపు, ఆనప సంగతి ఎవరూ ఖండించలేదు.